మిలిటరీ హోటల్లో గదులు లేవు

క్రీస్తుదాసుకి లోకంలో అన్నిటికన్నా రోత పుట్టించే వస్తువు ఏదంటే తడుముకోకుండా చెబుతాడు, పొడి గుడ్డు అని. డబ్బాలో పసుప్పచ్చని పిండిలా ఉంటుంది. నీళ్ళు కలిపి పెనం మీద పోస్తే ఉబ్బి, వణికి, స్పాంజి ముక్కలా ఓ మూల కూచుంటుంది. కెనడా సైన్యంలో మామూలు వంటవాడిగా చేరి వారంట్ ఆఫీసర్‌గా రిటైరయ్యేదాకా అతను దాన్ని వండాడు, వడ్డించాడు, కుర్రాళ్ళ పళ్ళాల్లోకి గరిటెతో తోశాడు. తను మాత్రం నోట్లో పెట్టుకోలేదు. దాని తర్వాత అతను అసహ్యించుకునేది గోధుమరంగు గ్రేవీని. ఏ మాంసం మీదైనా అదే గ్రేవీ, ఏ క్యాంపులో అయినా అదే వాసన. తను వండినదాన్ని చూసి తనే ముక్కు మూసుకుంటూ ఒక మనిషి అన్నేళ్ళు వంట చేశాడంటే, దాన్ని శిక్ష అనాలి గానీ సర్వీసు అనకూడదు.

అందుకే రిటైరయ్యాక అతనికి ఒక్కటే కోరిక మిగిలింది. సొంత కొట్టు పెట్టి, తన చేత్తో, తన తల్లి వండినట్టు వండి నలుగురికీ పెట్టాలి. గసగసాలు నూరి పోసిన కోడికూర, బోటీ వేపుడు, చింతచిగురు వేసిన మాంసం. బాపట్లలో మిషన్ కాంపౌండు వెనక రెండు గదుల ఇంట్లో తల్లి పక్కన గొంతుక్కూచుని నేర్చుకున్న వంట అది. పట్టాలు, మెడల్స్ చాలా వచ్చాయి గానీ, ఆ వంట చెయ్యమని సైన్యంలో అతన్ని ఒక్కరూ అడగలేదు.

భార్య కృపాబాయికి సార్నియాలో, ముసలివాళ్ళని చూసుకునే కేర్ హోమ్‌లో ఉద్యోగం. పెటవావా సైనిక స్థావరం నుంచి మూటాముల్లె సర్దుకుని ఇద్దరూ ఇక్కడ చేరారు. ఫ్యాక్టరీల గొట్టాల నీడన బతికే ఊరు. గాలి తిరిగిందంటే కొన్ని పూటలు కుళ్ళిన గుడ్ల కంపు కొడుతుంది. గుడ్లు తనని ఇక్కడ కూడా వదల్లేదని క్రీస్తుదాసు విసుక్కునేవాడు.

అద్దెకి ఇల్లు వెతుకుతున్నప్పుడు రేవంత్ పరిచయమయ్యాడు. మదనపల్లె వైపు కుర్రాడు. ఇక్కడి కాలేజీలో చదవడానికి వచ్చి, చదువు సంగతి ఎలా ఉన్నా, ఇళ్ళు అమ్మే లైసెన్సు సంపాదించాడు. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు. వాడి నోటి మంచితనానికి ఊళ్ళో చాలా ఇళ్ళు చేతులు మారాయి. క్రీస్తుదాసు మనసులో మాట విన్న రోజే వాడు లండన్ రోడ్డు మీద ఖాళీగా ఉన్న పిజ్జా కొట్టు చూపించాడు. లీజు తన పేర రాయించుకుంటానన్నాడు, వ్యవహారం తను చూసుకుంటానన్నాడు, పేరు కూడా తనే పెట్టాడు.

"మిలిటరీ హోటల్, అంకుల్. మా పక్క మాంసం దొరికే హోటల్‌కి ఆ బోర్డే కదా ఉండేది. మీరు నిజంగానే మిలిటరీ. ఇంతకంటే బ్రాండింగ్ ఏముంటుంది?"

క్రీస్తుదాసు కళ్ళు చెమర్చాయి. బాపట్ల స్టేషన్ దగ్గర కూడా అలాంటి బోర్డున్న హోటల్ ఒకటి ఉండేది. కల్లు తాగేవాళ్ళు తినే చోటని తండ్రి ఆ వైపు చూడనిచ్చేవాడు కాదు. అక్కడి కూర వాసనకి స్కూలు నుంచి వస్తూ అడుగులు వాటంతటవే నెమ్మదించేవి. ఆ బోర్డు తన కొట్టు మీద వెలగబోతోంది. ఇంకేం ఆలోచిస్తాడు?

ఆలోచించింది కూతురు హోప్ ఒక్కతే. రెజైనాలో ప్రభుత్వోద్యోగం చేసుకుంటున్న ఆ పిల్ల ఫోనులో ఇంగ్లీషులోనే మొత్తుకుంది. హోటల్ అంటే ఇక్కడ పడుకునే చోటు డాడ్, తినే చోటు కాదు, ఆ బోర్డు చూసి సోల్జర్లు పెట్టెలతో దిగుతారు అంది. రేవంత్ నవ్వేశాడు. మన కస్టమర్లు తెలుగువాళ్ళు, వాళ్ళకి అర్థమైతే చాలన్నాడు. క్రీస్తుదాసు కూడా నవ్వాడు. ఆ నవ్వుకి తర్వాత చాలాసార్లు తనని తాను తిట్టుకున్నాడు.

కొట్టు తెరిచారు. తెరిచిన రోజున క్రీస్తుదాసు కొత్త ఏప్రన్ కట్టుకుని వంటగదిలోకి వెళ్ళబోతే రేవంత్ గుమ్మంలో అడ్డం నిలబడ్డాడు. లోపల అప్పటికే వీరభద్రం ఉన్నాడు. టొరంటో వైపు హోటళ్ళలో పనిచేసిన వంటాయన. చెడ్డవాడు కాదు, మాట కూడా ఎక్కువ మాట్లాడడు. కాకపోతే పొద్దున్నే డ్రమ్ముడు గ్రేవీ కాస్తాడు. ఉల్లిపాయ, జీడిపప్పు, నారింజరంగు పొడి. మెనూలో ఉన్న ప్రతి కూరా ఆ డ్రమ్ములోంచే పుడుతుంది. కోడి వేస్తే కోడికూర, మేక వేస్తే మేకకూర. గోధుమరంగు గ్రేవీ నుంచి పారిపోయి వచ్చిన క్రీస్తుదాసుకి నారింజరంగు గ్రేవీ ఎదురొచ్చి కౌగిలించుకుంది. మరి నా పనేమిటని అడిగాడు.

రేవంత్ అతన్ని పక్కకి తీసుకెళ్ళి, పెద్దవాడికి నచ్చజెప్పినట్టు చెప్పాడు. "మీరు బెరే టోపీ, మెడల్స్ పెట్టుకుని గుమ్మంలో నిలబడండి, అంకుల్. వచ్చినోళ్ళకి షేక్‌హ్యాండ్ ఇయ్యండి. ఒక్కటి మాత్రం గుర్తుపెట్టుకోండి, మిలిటరీలో కుక్ అని ఎవురికీ చెప్పొద్దు. గరిటె తిప్పినాడంటే వినేదానికి బాగుండదు."

వంట చెయ్యడానికి కొట్టు పెట్టుకున్న వంటవాడు, తను వంటవాణ్ణని చెప్పకూడదు. క్రీస్తుదాసుకి ఒళ్ళు మండింది. కానీ జీవితమంతా పైవాడి మాట విని అలవాటైన మనిషి. కొత్తలో ఇలాగే ఉంటుందిలే, నాలుగు రోజులయ్యాక లోపలికి వెళదాంలే అనుకుని టోపీ పెట్టుకున్నాడు.

నాలుగు రోజులు ఎప్పటికీ కాలేదు. మెనూ కార్డు అచ్చయి వచ్చింది. గ్రెనేడ్ ఎగ్ మసాలా. సర్జికల్ స్ట్రైక్ బిర్యానీ. ల్యాండ్‌మైన్ లివర్ ఫ్రై. ఆ మూడోది చదివిన రోజు క్రీస్తుదాసు పెరటి తలుపు తీసుకుని వెళ్ళి చెత్తడబ్బా పక్కన చాలాసేపు నిలబడ్డాడు. కందహార్ దగ్గర ఓ చిన్న క్యాంపులో, ట్రైలర్ మీద కట్టిన వంటగదిలో అతను ఉన్నప్పుడు, గస్తీకి వెళ్ళిన కుర్రాళ్ళు ఆలస్యమైతే వాళ్ళ వాటా పళ్ళాల్లో పెట్టి పైన రేకు మూసి ఉంచేవాడు. కొన్ని పళ్ళాలు మర్నాటికీ అలాగే ఉండిపోయేవి. మందుపాతర అంటే అతనికి తెలిసింది ఆ మూత తియ్యని పళ్ళెం. వాటిని పారబోయడం కూడా వంటవాడి పనే. ఆ పేరు తీసెయ్యమని అడిగితే, ఆర్డర్లలో అదే టాప్ అంకుల్ అన్నాడు రేవంత్.

వచ్చేవాళ్ళు మాత్రం తక్కువ తిన్నారా? ఫ్యాక్టరీల ఇంజనీర్లు, కాలేజీ పిల్లలు, రిటైరైన పెద్దలు. వాళ్ళలో అందరికన్నా ముందుండేవాడు రామ్మోహన్ గారు. ఆయిల్ రిఫైనరీలో పెద్ద ఇంజనీరుగా చేసి దిగినవాడు, ఊరి తెలుగు సంఘానికి పెద్దతలకాయ. మొదటి రోజు క్రీస్తుదాసుని మేజర్ గారూ అన్నాడు. రేవంత్ సరిదిద్దలేదు సరిగదా, కల్నల్ గారండీ అని అందించాడు. సైన్యంలో జీవితమంతా పనిచేసి రానిది, గుమ్మంలో నిలబడితే వారంలో వచ్చింది. ఓ ఆదివారం రామ్మోహన్ గారు మేక ఎముకలోని మూలుగు జుర్రుతూ, నూనె కారుతున్న మూతితో అడిగాడు. "నిజం చెప్పండి కల్నల్ గారూ, ఎంతమందిని లేపేశారు?"

బల్ల చుట్టూ అందరూ నములుడు ఆపి చెవులు రిక్కించారు. క్రీస్తుదాసుకి కడుపులో తిప్పింది. అవన్నీ చెప్పకూడదండీ అని రేవంతే కన్నుగొట్టి జవాబిచ్చాడు. వాళ్ళు మహా తృప్తిగా తలలూపి మళ్ళీ నమలడం మొదలుపెట్టారు.

హోప్ చెప్పినట్టే గదుల కోసం ఫోన్లు కూడా మొదలయ్యాయి. వెటరన్లకి తగ్గింపు ఉందా, కుక్కని తెచ్చుకోవచ్చా, కిటికీలోంచి నది కనిపిస్తుందా. వంతెన అవతలి అమెరికా నుంచి ఓ ముసలి దంపతులు నిజంగానే పెట్టెలతో దిగి, లివర్ ఫ్రై తిని, కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ వెళ్ళారు. రేవంత్ తలుపు మీద ఇంగ్లీషులో ఓ కాగితం అంటించాడు, గదులు లేవు అని. బోర్డు మాత్రం మార్చనన్నాడు.

అక్టోబరు చివర్లో, వాన ముసురు పట్టిన మధ్యాహ్నం, డెరిక్ వచ్చాడు.

వీపున సైన్యపు సంచి, మాసిన గడ్డం, తడిసిన కోటు. వయసు నలభై దాటి ఉంటుంది గానీ అరవై అనిపిస్తాడు. అతనితో పాటు వచ్చిన వాసనకి దగ్గరి బల్లలవాళ్ళు ముక్కుల మీద టిష్యూలు పెట్టుకున్నారు. అతను వాళ్ళని చూడలేదు. గుమ్మంలో నిలబడ్డ మనిషి మెడల్స్ చూశాడు, తర్వాత ముఖం చూశాడు. చూసి, తడి కోటుతోనే నిటారుగా నిలబడి, నెమ్మదిగా పిలిచాడు. "వారంట్?"

రిటైరయ్యాక క్రీస్తుదాసుని అతని సొంత హోదాతో పిలిచిన మొదటి మనిషి ఇతనే. పెటవావా మెస్సులోనూ, ఆ తర్వాత కందహార్ క్యాంపులోనూ డెరిక్ అతని చేతి గుడ్లు తిన్నాడట. ఎవరో చెప్పారట, ఈ ఊళ్ళో సోల్జర్లకి హోటల్ పెట్టారని. ఇల్లు లేనివాళ్ళ షెల్టర్లో ఒకే హాల్లో వరసగా మంచాలు, అక్కడ నిద్రపోలేకపోతున్నాడు. తనకి ఒక గది కావాలి, ఊరికే వద్దు, ఏదైనా పనిచేస్తాను అన్నాడు.

క్రీస్తుదాసు అతన్ని మూల బల్ల దగ్గర కూచోబెట్టి, అన్నం పెట్టించి, విషయం చెప్పాడు. మా భాషలో హోటల్ అంటే తినే చోటు, ఇక్కడ గదులుండవు, మా ఇంటికి రా అన్నాడు. డెరిక్ తల అడ్డంగా ఊపాడు. నిద్రలో తను అరుస్తాడట, చేతులు విసురుతాడట. ఓసారి అక్క ఇంట్లో ఉన్నప్పుడు, లేపడానికి వచ్చిన అక్కకి దవడ పగిలిందట.

"మనుషులున్న ఇంట్లో పడుకోను, వారంట్. లోపలి నుంచి గడియ పెట్టుకునే గది ఉంటే చాలు." అలా అని, పక్క బల్లల వైపు చూసి గొంతు తగ్గించాడు. "వీళ్ళు మిమ్మల్ని కల్నల్ అంటున్నారు. నేను కూడా అలాగే అనాలా?"

క్రీస్తుదాసు మింగలేకా కక్కలేకా ఇంకొంచెం అన్నం వడ్డించాడు.

కొట్టు మీద ఓ గది ఉంది. తాళం రేవంత్ దగ్గర ఉంటుంది. ఆ గది ఇవ్వమని అడిగితే, అందులో స్టాకు ఉందని, ఇన్సూరెన్సు ఒప్పుకోదని, ముందు ఆ మనిషిని వెనక గుమ్మంలోంచి పంపించెయ్యమని రేవంత్ గుసగుసగా కసిరాడు. ఈలోగా కాలేజీ పిల్ల ఒకతె, కల్నల్ గారు వంగి ఓ దిక్కులేని సోల్జర్‌కి అన్నం వడ్డిస్తున్న వీడియో తీసి ఫోనుల్లోకి వదిలింది. రెండు రోజుల్లో కొట్టు ముందు కార్లు ఆపడానికి చోటు లేకపోయింది.

అప్పుడు చూడాలి రేవంత్ ప్రేమ. డెరిక్ ఇక రోజూ రావాలి, కిటికీ పక్క బల్ల అతనిదే. కొత్త ఫోటోలు తీయించాడు. క్రీస్తుదాసు వడ్డిస్తున్నట్టు, డెరిక్ పళ్ళెం పైకెత్తి పట్టుకున్నట్టు. వెలుతురు సరిగ్గా పడలేదంటూ మళ్ళీ ఎత్తించాడు, నవ్వు చాల్లేదంటూ మళ్ళీ ఎత్తించాడు. ఆకలితో ఉన్న మనిషి, ఆర్డరు పాటించే అలవాటున్న మనిషి, చల్లారిపోతున్న అన్నాన్ని చేతుల్లో పట్టుకుని ఎత్తమన్నప్పుడల్లా ఎత్తాడు. పక్కన నిలబడ్డ క్రీస్తుదాసు నవ్వమన్నప్పుడల్లా నవ్వాడు. రేవంత్ సర్దుకుంటూ ఇంకో మాట అన్నాడు. "ఆయనకి గడ్డం గీయించొద్దండి, అంకుల్. నీటుగా ఉంటే ఎవురు నమ్ముతారు?"

ఇంటికొచ్చి క్రీస్తుదాసు ఆ మాట భార్యతో చెప్పాడు. కృపాబాయి కేర్ హోమ్ యూనిఫారం కూడా విప్పలేదు, కుర్చీలో కూలబడి పాదాలు ఒత్తుకుంటోంది. ఒత్తుకోవడం ఆపింది.

"రోజూ ఎంతమంది ముసలాళ్ళకి గడ్డాలు గీస్తానో ప్రభువుకే తెలుసు. గీయొద్దన్నవాణ్ణి ఇప్పుడే వింటున్నా. మీరేవన్నారు?"

ఏమీ అనలేదు. అదే చెప్పాడు. ఆమె ఇంకేమీ అడగకుండా లేచి స్నానానికి వెళ్ళిపోయింది. క్రీస్తుదాసుకి ఆ పూట అన్నం సయించలేదు. రేవంత్ మీద అసహ్యం వేసినప్పుడు తిట్టుకోవడానికైనా వీలుంటుంది. ఫోటోలో పళ్ళికిలించిన తన ముఖం మీద వేసిన అసహ్యాన్ని ఎక్కడ పారబోయాలో తెలియలేదు.

నవంబరు పదకొండు వచ్చింది. పోయిన సైనికులని తలుచుకునే రోజు. ఊరంతా కోటుకి ఎర్ర గసగసాల పువ్వు గుచ్చుకుంటుంది. క్రీస్తుదాసు ఏటా లాగే పొద్దున స్మారక స్తంభం దగ్గర నిలబడి, తనకి తెలిసిన పేర్లు మనసులో చెప్పుకుని, చలికి బిగుసుకున్న కాళ్ళతో కొట్టుకి వచ్చాడు. గుమ్మం మీద బ్యానర్ కట్టి ఉంది. రిమెంబరెన్స్ డే స్పెషల్, పాపీ చికెన్, ఒకటి కొంటే ఒకటి ఉచితం.

గసగసాలని ఇంగ్లీషులో పాపీ సీడ్స్ అంటారని రేవంత్‌కి ఎవరో చెప్పినట్టున్నారు. ఆ తెలివికి వాడే మురిసిపోతున్నాడు. తల్లి చేతి గసగసాల కోడిని అదే నారింజ డ్రమ్ములో ముంచి తీసి, ప్రతి పళ్ళెంలో ముక్క మీద ఓ ఎర్ర కాగితం పువ్వు గుచ్చారు. నూనెలో తడిసి ఆ పువ్వులు రంగు వదులుతున్నాయి. జనం వాటిని పీకి బల్ల అంచున పెట్టి, వేళ్ళు నాకుతూ తింటున్నారు. శవాల మీద పేలాలు ఏరుకోవడమంటే క్రీస్తుదాసు చిన్నప్పటి నుంచీ వింటున్న మాటే. పేలాలకి బదులు కోడిముక్కలుంటాయని మాత్రం అనుకోలేదు.

హాలు నిండిపోయింది. రేవంత్ మైకు పట్టుకుని, ఇవాళ మన కల్నల్ గారి వీరగాథ, ఆయన కాపాడిన సోల్జర్ నోటి నుంచే వినండి అన్నాడు. కిటికీ పక్క నుంచి డెరిక్ లేచాడు. మైకు ముందు నిటారుగా నిలబడి, పాఠం అప్పజెప్పినట్టు చెప్పాడు. తాము వెళుతున్న బండి పేలిందట. మంటలట. అందరూ వెనక్కి పరిగెడుతుంటే ఈయన ఒక్కడే ముందుకొచ్చి, తన కాలరు పట్టుకుని బయటికి లాగాడట. ఈయన లేకపోతే తను లేడట. గొంతు ఒక్కచోట కూడా తడబడలేదు. రామ్మోహన్ గారి శ్రీమతి కళ్ళు ఒత్తుకుంది. చప్పట్లు మోగిపోయాయి.

ఇల్లూ వాకిలీ లేని మనిషి దగ్గర మిగిలింది ఆ సైన్యపు జ్ఞాపకం ఒక్కటే. దానికి కూడా మురికి పట్టించారు, అదీ తన కోసం. క్రీస్తుదాసు వెళ్ళి మైకు అందుకున్నాడు. అప్పటిదాకా ఆ కొట్టులో అతను మైకు ముట్టుకోలేదు.

"నేను కల్నల్‌ని కాదండీ. మేజర్ని కూడా కాదు. సైన్యంలో వంటవాణ్ణి. ఇతన్ని నేను ఏ మంటల్లోంచీ లాగలేదు. గుడ్లు వడ్డించానంతే."

చెప్పేసి హమ్మయ్య అనుకున్నాడు. గుండెల మీద నుంచి బండ దిగినట్టయింది. ఇప్పుడు ఛీకొడతారు, కొట్టనీ, పళ్ళాలు తోసేసి పోతారు, పోనీ.

రామ్మోహన్ గారు లేచి నిలబడ్డాడు. "చూశారా? నిజమైన వీరులు ఇలాగే ఉంటారు. ప్రాణాలు కాపాడి, గుడ్లు వడ్డించానంటున్నారు. ఎంత నిగర్వో చూడండి."

ఈసారి చప్పట్లు ఇందాకటికంటే గట్టిగా మోగాయి. జనం లేచి నిలబడి కొట్టారు. అతను కాదు, కాదు అంటున్న కొద్దీ ఇంకా కొట్టారు. చెవిటివాడి ముందు శంఖం ఊదితే వాడు వినకపోవచ్చు గానీ, కనీసం మెచ్చుకోడు. క్రీస్తుదాసు మైకు కింద పెట్టేశాడు.

డెరిక్ పక్కకి వచ్చాడు. ముఖం పాలిపోయి ఉంది. "ఎందుకలా చేశారు, వారంట్? నేను బాగానే చెప్పాను కదా. ఆ కుర్రాడు పై గది ఇస్తానన్నాడు. ఊరికే కాదు, నా మాటకి బదులు. ఇప్పుడు నా మాట చెల్లదంటాడా?"

అదీ సంగతి. ఇన్నాళ్ళూ స్టాకు, ఇన్సూరెన్సు అన్న గది, అబద్ధానికి అద్దెగా సిద్ధమైంది. ఊరికే వద్దన్న మనిషి తన దగ్గరున్నదేదో ఇచ్చి గది కొనుక్కున్నాడు. దాన్నే తను ఇప్పుడు నలుగురి ముందు చెల్లని కాసు చేశాడు. బయట సన్నగా మంచు మొదలైంది.

క్రీస్తుదాసు రేవంత్‌ని చెయ్యి పట్టుకుని మెట్లెక్కించి, ఆ గది తాళం తీయించాడు. తలుపు తెరవగానే వెనక్కి తగ్గాడు. లోపల మనుషులు నిలబడి ఉన్నారు. లైటు వేస్తే తెలిసింది, అందరూ తనే. నిలువెత్తు అట్టబొమ్మలు, బెరే టోపీ, మెడల్స్, సెల్యూటు చేస్తున్న చెయ్యి, పళ్ళికిలించిన నవ్వు. గోడ నుంచి గోడ దాకా వరసలు కట్టి ఉన్నారు. టొరంటో పక్కనున్న వాన్ ఊళ్ళో పెట్టబోయే బ్రాంచి కోసం, ఆ తర్వాతి బ్రాంచిల కోసం తెప్పించానని రేవంత్ నసిగాడు. అంతలోనే తేరుకుని ఎదురు తిరిగాడు. వీడియో చానెల్ వాళ్ళు కింద వెయిటింగ్‌లో ఉన్నారు, వాళ్ళ ముందు కూడా కుక్ అంటే కథ లేదు, కథ లేకపోతే ఆయనకి గది ఎందుకియ్యాల అన్నాడు.

క్రీస్తుదాసు అట్టబొమ్మల వైపు చూశాడు. అవి నలగవు, అలిసిపోవు, ఎంతమందిని లేపేశావని అడిగితే కడుపులో తిప్పదు. నవ్వమంటే నవ్వే ఉంటాయి. తను ఇన్నాళ్ళూ గుమ్మంలో చేసింది ఇదే పని అని తెలిసొచ్చి, అతనికి నోటినిండా ఉమ్మి ఊరింది. ఉమ్మడానికి చోటు లేక మింగాడు.

"రేవంత్, నీక్కావలసింది ఈ అట్ట మనిషి. వీణ్ణి తీసుకో, గుమ్మంలో నిలబెట్టుకో. అబద్ధం కూడా చెప్తాను, ఈ ఒక్కసారికి. ఈ గది డెరిక్‌ది, మళ్ళీ అతను ఎవరికీ ఏ కథా చెప్పడు. వంటగది నాది. వీరభద్రాన్ని వాన్ పంపించు, డ్రమ్ము కూడా పట్టుకెళ్ళమను."

రేవంత్ కాసేపు గోళ్ళు కొరుక్కున్నాడు. అట్టకి నోరుండదని, మైకు లాక్కోదని వాడికి తట్టినట్టుంది. తాళంచెవి తీసి చేతిలో పెట్టాడు.

కిందికి దిగి క్రీస్తుదాసు కెమెరా ముందు నిలబడ్డాడు. డెరిక్ కళ్ళలోకే చూస్తూ, అవును, ఈయన చెప్పింది నిజమే, నేనే లాగాను అన్నాడు. డెరిక్ భుజాలు నెమ్మదిగా దిగాయి. జనం మళ్ళీ చప్పట్లు కొట్టారు. క్రీస్తుదాసు వెనక్కి తిరిగి నేరుగా వంటగదిలోకి వెళ్ళి, కుళాయి తిప్పి, నోరు పుక్కిలించాడు. ఎన్నిసార్లు పుక్కిలించినా ఆ రుచి పోలేదు.

డెరిక్ గదిలోకి మారాడు. కృపాబాయి దుప్పట్లు, రేజరు పంపింది. గడియ పెట్టుకునే తలుపు దొరికాక అతను తనంతట తనే గడ్డం గీసుకున్నాడు. ఆ ముఖంతో కిందికి వచ్చి తింటుంటే, చప్పట్లు కొట్టినవాళ్ళలో ఒక్కరూ గుర్తుపట్టలేదు. గుమ్మంలో అట్ట కల్నల్ సెల్యూటు కొడుతూ నిలబడ్డాడు. జనం వాడి భుజం మీద చేతులేసి ఫోటోలు దిగుతున్నారు. అసలు మనిషి ఏమయ్యాడని ఎవరూ అడగలేదు. మొదట్లో క్రీస్తుదాసు దానికి కూడా రోతపడ్డాడు గానీ, రోతపడుతూ కూచుంటే పొయ్యి మీద ఉల్లిపాయ మాడిపోతుంది.

క్రిస్మస్ ముందు ఓ ఆదివారం రామ్మోహన్ గారు చుట్టాలని వెంటబెట్టుకుని వచ్చాడు. కల్నల్ గారు నాకు మంచి ఫ్రెండు అని చెబుతూ అట్టబొమ్మ పక్కన నిలబెట్టి అందరికీ ఫోటోలు తీశాడు. భోజనం మధ్యలో, ఖాళీ గిన్నె పట్టుకుని వంటగది కిటికీ దాకా వచ్చాడు. లోపల ఏప్రన్, కాగితం టోపీ పెట్టుకుని చెమటతో నిలబడ్డ క్రీస్తుదాసు ముఖంలోకి తేరిపార చూశాడు.

"ఏమయ్యా, ఈ బోటీ వండింది నువ్వేనా? మా అమ్మ పోయాక మళ్ళీ ఇప్పుడే తింటున్నాను. ఇంకో నాలుగు ముక్కలు వెయ్యి."

క్రీస్తుదాసు ఆయన చేతిలోంచి గిన్నె అందుకున్నాడు.

"నేనేనండీ" అన్నాడు.